కోర్తెసు - ఐదు మరకతములు

హెర్నాన్ కోర్తెసు 1485వ సంవత్సరమున స్పెయిను దేశమందలి మెడెల్లిన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గౌరవము గలవాడే కాని ధనవంతుడు కాడు. కుమారుని విద్యాభ్యాసమునకై సలమాంకా నగరమునకు బంపగా, నాతడు రెండేండ్లకే విసిగి యిలు చేరెను. పిమ్మట 1504లో భాగ్యము వెదకికొనుచు ఓడ నెక్కి, కొలంబసు కనుగొనిన ద్వీపములకు బోయెను.

1519లో అతడు ఇంచుమించు ఐదువందలమంది సైనికులతో మెక్సికో తీరమున దిగెను. ఆ దేశపు రాజధాని తెనోచ్‌టిట్లాన్ సరస్సు నడుమ వెలసిన మహానగరము. రాజగు మోక్టెజుమా వారి నెదుర్కొని బంగారు నగలు బహూకరించెను. కొలది దినములలోనే ఆ యతిథులు రాజును బందీ గావించిరి. అచటి స్వర్ణకారులు తరతరముల నేర్పుతో జేసిన ఆభరణములను కరగించి కడ్డీలుగా బోసిరి. పనితనము నశించి తూకము మాత్రము మిగిలెను.

మరుసటి సంవత్సరము పురజనులు తిరుగబడిరి. జూన్ 30వ తేది రాత్రి స్పెయినువారు సరస్సుమీది కట్టదారిని పారిపోవుచుండగా, బంగారము మూటగట్టుకొనిన సైనికులు పెక్కండ్రు ఆ బరువుతోనే నీట మునిగిరి. 1981లో మెక్సికో నగరమున నేల త్రవ్వుచుండగా దొరకిన, ఇంచుమించు రెండు కిలోగ్రాముల కడ్డీ యొకటి ఆ రాత్రి పోయినదేయని 2020లో పరీక్షలవలన దేలినది.

కోర్తెసు మరల దండెత్తి 1521 ఆగస్టు 13వ తేదిని నగరమును జయించెను. పోయిన ధనము చూపుమని కువావ్‌తేమోక్ అను కడపటి రాజు పాదములను గాల్చిరి. అయినను ఆశించినంత దొరకలేదు.

1528లో స్వదేశమునకు వచ్చి, మరుసటి యేట మార్క్విసు బిరుదము బడసి, హువానా దె జూనిగా యను ప్రభువంశపు కన్యను వివాహమాడెను. ఆమెకు కానుకగా నొసగిన ఐదు మరకతములను గూర్చి చరిత్రకారుడగు గోమరా వర్ణించియున్నాడు. ఒకటి గులాబిపువ్వు, ఒకటి కొమ్ము, ఒకటి బంగారు కన్నులు గల చేప, ఒకటి ముత్యము నాలుకగా గల గంట, ఒకటి బంగారు పాదము గల గిన్నె. ఆ గిన్నె కొక్కదానికే జెనోవా వర్తకులు 40,000 డ్యూకట్లు ఇయ్యజూపిరట.

1541లో చక్రవర్తి యైదవ చార్లెసు ఆల్జీర్సుపై దండెత్తినప్పుడు కోర్తెసు కుమారులతో గూడ వెంట నడచెను. ఘోరమగు తుపానులో నౌకలనేకములు పగిలెను. వారు ప్రాణములతో బయటపడిరి గాని మరకతములు అయిదును ఆ కల్లోలమున బోయెను.

తుదిదినములలో కోర్తెసు రాజాదరము తగ్గి, తన సేవలను విన్నవించుచు వేడుకొనవలసిన వాడయ్యెను. 1547 అక్టోబరున వ్రాయించిన మరణశాసనములో, మెక్సికో ప్రజలను దాసులుగా నుంచుట న్యాయమో కాదో విచారింపుమనియు, వారియొద్ద అన్యాయముగా గైకొనినది తిరిగి యిచ్చివేయుమనియు కుమారుని గోరెను. డిసెంబరు 2వ తేదిని సెవిల్ నగరసమీపమున మరణించెను. మరకతములను సముద్రము హరించెను. ఆ ప్రశ్న మాత్రము తన జీవితకాలమున దీర్చుకొనలేక కుమారున కప్పగించి పోయెను.