పంతులుగారు కట్టిన ఊరు

ఎనిమిదో తరగతిలో ఉండగా మన బడి తరఫున వక్తృత్వ పోటీకి రాజమండ్రి వెళ్ళాను. పోటీ టౌన్‌హాల్లో జరిగింది. నాకు బహుమతి రాలేదు. తిరుగు బస్సులో మాస్టారు నన్ను ఓదారుస్తూ, నువ్వు నిలబడి మాట్లాడిన ఆ హాలు వీరేశలింగం పంతులుగారు కట్టించిందిరా అన్నారు. తలపాగాతో ఉన్న ఆయన బొమ్మ మన తెలుగు వాచకంలో ఉండేది. ఆయన పుస్తకాలు రాశారని, వితంతు వివాహాలు చేయించారని చదువుకున్నాం. కట్టడాలు కూడా కట్టించారని నాకు తెలిసింది ఆ రోజే. సివిల్ ఇంజనీరునయ్యాక ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చూడటం అలవాటైంది. మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన ఈ సంచికలో అదే రాస్తున్నాను.

కందుకూరి వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం గారు పెంచారు. పుట్టిన ఇల్లు వంకాయలవారి వీధిలో ఇప్పటికీ ఉంది. చదువు ముగిశాక కోరంగిలో, తర్వాత ధవళేశ్వరంలో ఉపాధ్యాయులుగా పనిచేశారు.

ధవళేశ్వరం అప్పటికి చిన్న ఊరు. గోదావరి మీద కాటన్ దొర కట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది కాబట్టి పంతులుగారు అక్కడికి వచ్చేనాటికి దానికి సుమారు ఇరవై ఏళ్ళు. ఆ ఊళ్ళోనే 1874లో ఆయన ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. మొదట్లో దాన్ని మద్రాసులో అచ్చువేయించేవారు. సొంత ముద్రాయంత్రం తర్వాత వచ్చింది. అదే ఏడు ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే అరిష్టమని నమ్మిన రోజులవి. తర్వాత రాజమండ్రి ఇన్నీసుపేటలోనూ బాలికల పాఠశాల పెట్టారు.

రాజమండ్రికి తిరిగివచ్చాక 1878లో ప్రార్థనా సమాజం స్థాపించారు. మరుసటి ఏడు వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని బహిరంగంగా ఉపన్యసించారు. ఊరు రెండుగా చీలింది. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం ఆయన ఇంట్లోనే జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. గొడవ జరుగుతుందన్న భయంతో పోలీసుల కాపలా పెట్టాల్సివచ్చింది. శిష్యులైన విద్యార్థులు అండగా నిలిచారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయం చేశారు. ఆ పెళ్ళి తర్వాత బంధువులు దూరమయ్యారు, వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసి, వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టారు. పంతులుగారి గురించి చెప్పి ఆ బిందెల గురించి చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

ఇక కట్టడాల సంగతి. 1887లో రాజమండ్రిలో బ్రహ్మమందిరం వెలిసింది. 1890లో టౌన్‌హాలు కట్టించారు. ఆయన జమీందారు కాదు. ఉపాధ్యాయ జీతం, పుస్తకాల మీద వచ్చే రాబడి, అంతే. ఆ రాబడిలోంచి ఊరివాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక హాలు ఇచ్చారు. తనను వెలివేసిన ఊరికే ఇచ్చారన్నది గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత వితంతువులకు శరణాలయం వచ్చింది.

ఈ వరుసలో ఇంజనీరుకు కనబడే విషయం ఒకటుంది. ఏ కట్టడమూ ముందు రాలేదు. మందిరానికి తొమ్మిదేళ్ళ ముందే ప్రార్థనా సమాజం నడుస్తోంది. హాలు లేవకముందు పదేళ్ళకు పైగా ఉపన్యాసాలు సాగాయి. శరణాలయానికి ముందు, దిక్కులేని ఆడవాళ్ళకు ఆయన ఇల్లే శరణాలయం. పని ముందు మొదలైంది, చోటు చాలకపోయాక గోడలు లేచాయి.

రెండో విషయం ఇంకా పెద్దది. ఆ దంపతులకు పిల్లలు లేరు. తన తర్వాత ఇవన్నీ ఎవరు చూస్తారన్న ప్రశ్నను పంతులుగారు దాటవేయలేదు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, తన యావదాస్తినీ దానికి రాసిచ్చేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు కన్నుమూశారు. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో పోయారు. మనిషి పోయినా సంస్థ ఆగలేదు. ఆ దంపతుల పేర్లతో ఉన్న విద్యాసంస్థల్లో రాజమండ్రి పిల్లలు తరతరాలుగా చదువుకుంటున్నారు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాశానో చెప్పాలి. స్వర్ణోత్సవానికి గుర్తుగా బడి ఆవరణలో ఆడిటోరియం కట్టాలని మన సంఘం తలపెట్టింది. అంచనా వెయ్యమని నన్నే అడిగారు. నా ఉద్యోగంలో చాలా భవనాలు కట్టాను. వాటిలో ఒక సామాజిక భవనాన్ని కిందటేడు దారిలో ఆగి చూశాను. గేటుకు తాళం, స్లాబు మీద రావిమొక్క, లోపల గబ్బిలాలు. కాంక్రీటులో లోపం లేదు. ప్రారంభోత్సవం తర్వాత ఊడ్చేదెవరో, కరెంటు బిల్లు కట్టేదెవరో ఎవరూ అనుకోలేదు. కట్టిన నేనూ అడగలేదు. ఆ తప్పులో నా వాటా నాకుంది.

అందుకే అంచనాతోపాటు రెండు మాటలు కమిటీ ముందు పెడుతున్నాను. ఒకటి, ఈ ఏడాదంతా మన పాత ప్రార్థన హాల్లోనే నెలకొక కార్యక్రమం జరుపుదాం. పిల్లలకు పోటీలో, పెద్దల ఉపన్యాసమో, నాటకమో ఏదైనా సరే. హాలు నిండి, జనం వరండాలో నిలబడే రోజు వస్తే అప్పుడు పునాది తవ్వుదాం. రెండు, వసూలైన ప్రతి రూపాయిలో కొంత భాగం నిర్వహణ కోసం బ్యాంకులో డిపాజిట్ చేసి, దాని బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాసుకుందాం.

ఇలా చేస్తే శంకుస్థాపన ఆలస్యమవుతుంది. స్వర్ణోత్సవం నాటికి శిలాఫలకం ఉండదని కొందరికి బాధ కలగవచ్చు. అయినా ఓపిక పడదాం. పంతులుగారి హాల్లో ఆ రోజు నాకు బహుమతి రాలేదు గానీ, హాలు కట్టి తొంభై ఏళ్ళు దాటాక కూడా పల్లెటూరి బడి నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి అక్కడ నిలబడి మాట్లాడే చోటు దొరికింది. మన హాల్లోనూ అంతకాలం తర్వాత ఒక పిల్లవాడు మాట్లాడాలని నా కోరిక.