అణువుకు లోతునిచ్చిన వాంట్ హాఫ్

అణువు కంటికి కనిపించదు. కనిపించని వస్తువును చిత్రించదలచిన వానికి ఊహాశక్తి ఎంత అవసరమో, ఆ ఊహను సత్యానికి కట్టుబడేటట్లు చేసే నిగ్రహం అంతకంటె అవసరం. ఈ రెండు గుణాలూ సమపాళ్ళలో కలిగిన శాస్త్రజ్ఞుడు జాకోబస్ హెన్రికస్ వాంట్ హాఫ్. ద్రావణాల పాఠంలో ఆయన పేరిట ఉన్న గుణకాన్ని మన విద్యార్థులు ఎరుగుదురు. అణువు బొమ్మను సరిదిద్దినవాడుగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

వాంట్ హాఫ్ 1852 ఆగస్టు 30న హాలెండులోని రాటర్‌డాంలో ఒక వైద్యుని ఇంట జన్మించాడు. డెల్ఫ్ట్, లైడెన్ నగరాలలో చదివి, పిమ్మట బాన్‌లో కెకూలే వద్ద, పారిస్‌లో వుర్ట్జ్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించాడు.

ఆనాడు కర్బన పరమాణువును ఒక అక్షరంగా వ్రాసి, దాని నాలుగు బంధాలను నాలుగు గీతలుగా చూపేవారు. ఏది దేనితో కలిసి ఉన్నదో ఆ బొమ్మ చెప్పేది. ఏది ఏ దిక్కున ఉన్నదో చెప్పలేకపోయేది. పులిసిన పాలనుండి తీసిన లాక్టిక్ ఆమ్లానికీ, కండరాలనుండి తీసిన లాక్టిక్ ఆమ్లానికీ కాగితంపై చిత్రం ఒక్కటే. కాని కండరాల ఆమ్లం ధ్రువిత కాంతి తలాన్ని త్రిప్పుతుంది. ఆనాటివారు తీసిన పాల ఆమ్లం త్రిప్పలేదు. వస్తువులు రెండై చిత్రం ఒక్కటే అయినప్పుడు లోపం చిత్రానిదే కదా!

1874 సెప్టెంబరులో, డాక్టరేటు పట్టం ఇంకా చేతికి రాకముందే, ఇరవైరెండేళ్ళ వాంట్ హాఫ్ డచ్చి భాషలో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. కర్బనాన్ని చతుర్ముఖి నడుమ నిలిపి, బంధాలను దాని నాలుగు మూలలకు సాగించాడు. నాలుగు మూలలా నాలుగు వేర్వేరు సమూహాలు ఉంటే, కుడిచేయి ఎడమచేయివలె, ఒకదానిపై ఒకటి పొసగని రెండు రూపాలు ఏర్పడతాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె బెల్ కూడ ఆ యేడే స్వతంత్రంగా ఇట్టి నిర్ణయానికే వచ్చాడు. మాటలూ గీతలూ చాలవని తలచి వాంట్ హాఫ్ అట్టముక్కలతో నమూనాలు చేసి రసాయనవేత్తలకు పంపాడు.

1876లో ఆయనకు ఉట్రెక్ట్ పశువైద్య కళాశాలలో ఉద్యోగం లభించింది. మరుసటి యేడు జర్మనీలో పేరుమోసిన ఆచార్యుడు కోల్బె ఆ సిద్ధాంతాన్ని గాలిమేడగా ఎగతాళి చేస్తూ, ఆ చిన్న ఉద్యోగాన్ని సైతం ఎత్తిపొడిచాడు. వాంట్ హాఫ్ తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. 1878లో ఆమ్‌స్టర్‌డాంలో ఆచార్య పదవి స్వీకరిస్తూ, శాస్త్రంలో ఊహాశక్తికి గల స్థానాన్నే ఉపన్యాస విషయంగా ఎన్నుకొన్నాడు.

రసాయన చర్యల వేగాన్నీ, ద్రవాభిసరణ పీడనాన్నీ గూర్చిన కృషికి 1901లో రసాయన శాస్త్రపు మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనను వరించింది. 1911 మార్చి 1న కన్నుమూశాడు. రెండేళ్ళకు బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో వజ్రాన్ని పరీక్షించగా, ప్రతి కర్బనం చుట్టూ చతుర్ముఖియే సాక్షాత్కరించింది. అయినా ప్రతిబింబ రూపాలలో నిజంగా ఏది కుడో ఏది ఎడమో తెలియక, శాస్త్రజ్ఞులు చాలాకాలం ఊహమీదనే గీస్తూ వచ్చారు. ఆ సందేహాన్ని 1951లో బైవూట్ బృందం తీర్చింది. అది జరిగినది ఉట్రెక్ట్‌లో, వాంట్ హాఫ్ పేరు గల ప్రయోగశాలలోనే.

నేడు మనవైపు వచ్చే బంధాన్ని మందపు గీతతోనూ, వెనుకకు పోయే బంధాన్ని తునక గీతలతోనూ చూపుతాం. అందంకోసం ఒకదానికి బదులు మరొకటి గీస్తే, మందు బొమ్మ మరొక పదార్థం బొమ్మ అవుతుంది. ముఖచిత్రం వేసే కళాకారుడైనా, ప్రయోగపుస్తకం నింపే విద్యార్థి అయినా గుర్తుంచుకోవలసినది ఇదే: అణుచిత్రంలో ప్రతి గీత ఒక వాక్యం. దానికి నిజం చెప్పవలసిన బాధ్యత ఉన్నది.