ఆండ్రియాస్ వెసాలియస్

ఆండ్రియాస్ వెసాలియస్ (1514 - 1564) సుప్రసిద్ధ వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త. ఆధునిక శరీర నిర్మాణ శాస్త్రానికి ఇతడిని పితామహుడిగా పేర్కొంటారు. వెన్నెముక మొదలైన ఎముకల వర్ణనలో సుమారు 1300 సంవత్సరాలుగా నిలిచిపోయిన పొరపాట్లను ఇతడు సరిదిద్దాడు.

జీవిత విశేషాలు

వెసాలియస్ 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. తండ్రి రాజాస్థానంలో ఔషధాలు సమకూర్చేవాడు. లూవెన్, పారిస్ నగరాలలో చదివిన తరువాత 1537లో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొంది, అక్కడే ఆచార్యుడయ్యాడు. ఆ కాలంలో ఆచార్యుడు పీఠంపై కూర్చుని గ్రంథం చదువుతుండగా, క్షురకుడు శవాన్ని కోసి చూపేవాడు. వెసాలియస్ ఈ పద్ధతిని విడిచి, స్వయంగా శవచ్ఛేదన చేస్తూ పాఠం చెప్పాడు.

వెన్నెముక పరిశీలన

అప్పటి వైద్యులకు క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలే ప్రమాణం. 1538లో ప్రచురించిన ఆరు చిత్రపటాలలో వెసాలియస్ కూడా చాలావరకు గాలెన్‌నే అనుసరించాడు. 1540లో బొలోనా నగరంలో మనిషి, కోతి అస్థిపంజరాలను పోల్చి చూపినపుడు, గాలెన్ వర్ణించిన వెన్నుపూస కొమ్ము ఒకటి కోతిలోనే ఉందని, మనిషిలో లేదని నిరూపించాడు. గాలెన్ వర్ణనలకు ఆధారం మానవ శవాలు కావని, కోతులు మొదలైన జంతువులని దీనివలన తేటతెల్లమైంది.

త్రికాస్థి విషయమూ ఇటువంటిదే. మానవుని వెన్నెముకలో సాధారణంగా మెడలో 7, వీపులో 12, నడుములో 5 విడి పూసలు ఉంటాయి. వాటి దిగువన 5 పూసలు యుక్తవయసు దాటేసరికి అతుక్కుని త్రికాస్థిగా ఏర్పడతాయి. దాని కొనన అనుత్రికం ఉంటుంది. గాలెన్ త్రికాస్థికి మూడు భాగాలే చెప్పాడు. అది కోతికి సరిపోతుంది గాని మనిషికి సరిపోదని వెసాలియస్ చూపాడు.

ఈ విషయాలన్నీ 1543లో బాసెల్ నగరంలో అచ్చయిన ఫాబ్రికా అనే లాటిన్ గ్రంథంలో ఉన్నాయి. ఏడు భాగాల ఈ గ్రంథంలో మొదటి భాగం ఎముకలకు సంబంధించినది. అప్పటికి వెసాలియస్ వయసు 28 సంవత్సరాలు.

విమర్శలు

పారిస్‌లో ఇతనికి గురువైన సిల్వియస్ ఈ దిద్దుబాట్లను తీవ్రంగా ఖండించాడు. గాలెన్ కాలం నుండి మానవ దేహమే మారిపోయిందని వాదించాడే గాని, గాలెన్ పొరబడ్డాడని అంగీకరించలేదు. విమర్శలతో విసిగిన వెసాలియస్ తన రాతప్రతులు కొన్నింటిని తగులబెట్టాడు. బోధన వదలి, చక్రవర్తి ఐదవ చార్లెస్‌కు, తరువాత స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్‌కు ఆస్థాన వైద్యుడిగా పనిచేశాడు. అయినా పరిశీలన మానలేదు. 1555లో గ్రంథాన్ని సవరించి మళ్ళీ ప్రచురించాడు.

మరణం

1564లో జెరూసలెం యాత్ర ముగించుకుని తిరిగి వస్తూ జాకింథోస్ ద్వీపంలో మరణించాడు. 1543లో ఇతడు స్వయంగా కూర్చిన మానవ అస్థిపంజరాన్ని బాసెల్‌లో భద్రపరచారు.