ఫ్లష్ కోసం గడప దాటింది

ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ అసలే జబ్బు మనిషి. 1840లో తమ్ముడు ఎడ్వర్డ్ సముద్రంలో మునిగిపోయాక మరీ కుంగిపోయింది. మరుసటేడు స్నేహితురాలు, రచయిత్రి మేరీ మిట్‌ఫర్డ్ ఓ కాకర్ స్పానియల్ కుక్కపిల్లని పంపింది. అదే ఫ్లష్.

పొలాల్లో పరుగెత్తాల్సిన జాతి. లండన్‌లో వింపోల్ వీధి ఇంట్లో, ఆమె మంచం దగ్గరే ఒదిగి ఉండటం నేర్చుకుంది. ఆమె తన చేత్తో తినిపించేది. అక్షరాలు, అంకెలు కూడా నేర్పబోయింది! గారాబం ఎక్కువైందనే చెప్పాలి. రాబర్ట్ బ్రౌనింగ్ ఆమెను చూడటానికొస్తే రెండుసార్లు కరిచింది. అప్పుడు మాత్రం గట్టిగానే మందలించింది.

ఆ రోజుల్లో లండన్‌లో కుక్కల దొంగలుండేవారు. ఎత్తుకుపోవడం, సొమ్మిస్తేగానీ వదలకపోవడం వాళ్ల పని. 1846 సెప్టెంబరులో ఫ్లష్‌ని మూడోసారి పట్టుకుపోయారు. పైసా ఇవ్వొద్దన్నాడు తండ్రి. దొంగలకి లొంగకూడదన్నాడు బ్రౌనింగ్. న్యాయానికి అతని మాటే సబబు. కానీ ఈలోగా కుక్కని చంపేస్తే? ఎప్పుడోగానీ గడప దాటని ఎలిజబెత్, పనిమనిషి విల్సన్‌ని వెంటబెట్టుకుని బండిలో షోర్‌డిచ్‌లోని దొంగల పేటకే వెళ్లింది. ముఠా నాయకుడు లేడు. అతని భార్యతో మాట్లాడి వచ్చింది. చివరికి ఆరు గినీలు పుచ్చుకుని ఫ్లష్‌ని అప్పగించారు.

వారం తిరక్కుండానే, సెప్టెంబరు 12న, బ్రౌనింగ్‌ని రహస్యంగా పెళ్లాడింది. 19న ఇల్లు విడిచి ఇటలీ బయల్దేరితే వెంట విల్సన్, ఫ్లష్. అది ఒక్కసారి మొరిగినా గుట్టు రట్టయ్యేదే!

ఫ్లారెన్స్‌లో ఫ్లష్ గొలుసు లేకుండా వీధులన్నీ తిరిగింది. ఒంటినిండా పురుగులు చేరితే బొచ్చు కత్తిరించింది ఎవరనుకున్నారు, అది కరిచిన బ్రౌనింగే. 1854లో పోయింది. వాళ్లు కాపురమున్న కాసా గ్విడీ భవనం కిందే పూడ్చారు.