ఆనందభైరవి ఉపాసకుడు శ్యామశాస్త్రి

కర్ణాటక సంగీత త్రిమూర్తులలో వయసున పెద్దవారు శ్యామశాస్త్రిగారు. త్యాగరాజ దీక్షితులవలె ఆయన వందలకొలది కృతులు రచింపలేదు; శిష్యకోటిని సమకూర్చుకొనలేదు. అయినను ఆనందభైరవి యన్నంతనే సంగీతజ్ఞులకు మొదట స్ఫురించునది ఆయన పేరే.

శాస్త్రిగారు 1762 లో తిరువారూరున జన్మించిరి. అసలు పేరు వేంకట సుబ్రహ్మణ్యము; ముద్దుపేరైన శ్యామకృష్ణుడే పిదప ఆయన కృతులకు ముద్ర యయ్యెను. పూర్వులు కంభం ప్రాంతమువారని చెప్పుదురు. వారు కంచి బంగారు కామాక్షి అర్చకులు. దేశము కల్లోలమైనపుడు ఆ కుటుంబము అమ్మవారి విగ్రహమును కాపాడుకొనుచు ఊరూరు తిరిగి తిరువారూరు చేరెను. 1781 ప్రాంతమున హైదరాలీ దండయాత్ర భయముచే మరల పయనమై తంజావూరున స్థిరపడెను. మహారాష్ట్ర ప్రభువుల ఆదరమున అచటనే ఆలయము వెలసినది.

అర్చకత్వమునకు వలసిన సంస్కృతాంధ్రములను ఆయన బాల్యముననే అభ్యసించెను. తంజావూరునకు వచ్చిన సంగీతస్వామి యను ఆంధ్ర యతి ఆయన ప్రతిభను గుర్తించి సంగీత శాస్త్ర రహస్యములను, ముఖ్యముగ తాళప్రస్తారమును బోధించెనని ప్రతీతి. తరువాత ఆ యతి యాదేశముననే, భైరవి అటతాళవర్ణమున ప్రఖ్యాతుడైన పచ్చిమిరియం ఆదియప్పయ్యగారి గానమును వినుచు శాస్త్రిగారు తమ విద్యకు మెరుగు పెట్టుకొనిరి.

ఆనందభైరవి ఆయన సృష్టి కాదు. అది ప్రాచీన రాగము. తెలుగు ఇండ్లలోని లాలిపాటలకును, కూచిపూడి భాగవతుల ప్రదర్శనములకును చిరపరిచితమైనది. ఇరువదవ మేళమైన నఠభైరవికి జన్యముగ నేడు దానిని గణింతురు. ఆరోహణమున స్వరములు తిన్నగ నడువక గాంధారమునుండి రిషభమునకు వంగి మరల పైకి సాగును. మేళమున లేని చతుశ్రుతి ధైవతము దీనికి ప్రాణము. కేవలము స్వరములను వరుసగ పలికినంతమాత్రమున ఈ రాగము పలుకదు. గమకముతో, విళంబముగ, పట్టుపట్టుగ పాడవలెను. శాస్త్రిగారు ఈ గుణమును గ్రహించి, నలుగురి నోట నానిన రాగమునకు మహాకృతుల గాంభీర్యమును చేకూర్చిరి. మరివేరే గతి, ఓ జగదంబా, హిమాచలతనయ అను మూడు కృతులు ఆ రాగమునకు మూడు నిలువుటద్దములు. ఇందు మొదటిది మధుర మీనాక్షిపై రచించిన నవరత్నమాలిక లోనిది. ఆయనకు ప్రియమైన మిశ్రచాపు తాళమున నడచును. ఏడక్షరముల ఆ తాళమును మూడు నాలుగుగనే గాక నాలుగు మూడుగను త్రిప్పి నడుపుట ఆయన ప్రత్యేకత. భైరవి, తోడి, యదుకులకాంభోజి స్వరజతులు ఆయన ప్రజ్ఞకు మరొక నిదర్శనము. నాట్యమునకు చెందిన ఆ రచనారూపము ఆయన చేతిలో గానసభలకు యోగ్యమైనది.

ఇంతటి విద్య కొద్దిమంది శిష్యులతో ముగిసిపోవు ప్రమాద మొకటి యుండెను. లయ క్లిష్టము, రచనలు స్వల్పము. గృహముననే అవి మరుగుపడవచ్చును. ఆ కొరతను తీర్చినవాడు కుమారుడు సుబ్బరాయశాస్త్రి. తండ్రి అతనిని తమ బాణికే కట్టివేయక త్యాగరాజస్వామి సన్నిధిని నేర్చుకొన పంపిరి. ఆయనయు వాగ్గేయకారుడై తండ్రి సంపదను నిలిపెను.

1827 లో శ్యామశాస్త్రిగారు తంజావూరున పరమపదించిరి. యుద్ధములనుండి పూర్వులు విగ్రహమును కాపాడిరి. ఆయన రాగమును కాపాడిరి. నేడు ఎచట ఆనందభైరవి వినవచ్చినను, తల్లిని పిలుచు ఆ బిడ్డ ఆర్తి అందు వినవచ్చుచునే యున్నది.