శస్త్రవైద్యుడు ఎర్నెస్టు మైల్సు

కొన్ని రోగముల పేరు నలుగురిలో నెత్తుటకు మనవారు సిగ్గుపడుదురు. మలముతో నెత్తురు పడుచున్నను మూలశంకయే కదా యని తలంచి, ఏవో మందులతో నెలలు గడపి, యింటివారికి సైతము చెప్పక దాచుకొనువారు మన బంధువర్గములలో లేకపోలేదు. వారిలో కొందరికి అది మూలశంక గాక రాచపుండని తెలియునప్పటికి కాలము మించిపోవుచున్నది. మన కులస్థుడును మన దేశీయుడును గాని యొక శస్త్రవైద్యుని చరిత్రమును ఈ సంచికలో చేర్చుటకు మాకిదియే కారణము.

విలియం ఎర్నెస్టు మైల్సు గారు 1869వ సంవత్సరమున వెస్టిండీసు దీవులలోని ట్రినిడాడున జన్మించిరి. చెరకుతోటలలో పనికై మన దేశమునుండి కూలీలను ఓడలపై గొనిపోయిన దీవులలో నదియు నొకటి. ఆయన లండనునగరమునందలి సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చదివి, పిదప ఆ నగరముననే క్యాన్సర్ హాస్పిటలున శస్త్రవైద్యులైరి. దానినే యిప్పుడు రాయల్ మార్స్‌డెన్ అనుచున్నారు. గుదరోగముల చికిత్సలో పేరుగన్న గుడ్‌సాల్ గారితో గూడి, ఆ రోగములను గూర్చి యొక గ్రంథమును సైతము రచించిరి.

పెద్దప్రేగు కొనయందు, మలద్వారమునకు పైన నుండు భాగమును పురీషనాళమందురు. అందు రాచపుండు పుట్టినచో ఆ కాలపు వైద్యులు క్రిందినుండియే కోసి, చేతికందినంత మేర తీసివేయుచుండిరి. కడుపు తెరచుట ప్రాణాపాయకరమని వారి భయము. మైల్సు గారును 1899 మొదలు 1906 వరకు 57 మందికి ఆ విధముననే చికిత్స చేసిరి. గాయములు మానెను. రోగులు సంతోషముతో ఇండ్లకు మరలిరి. కాని మూడేండ్లు తిరుగకమునుపే వారిలో 54 మందికి రోగము మరల తలయెత్తెను.

మరియొకరైనచో విధివ్రాతయని యూరకుందురేమో. మైల్సు గారు తమ యపజయములను ఒక్కటొక్కటిగా లెక్కించిరి. మరణించినవారి శవములను పరీక్షించి, రోగ మెచ్చట మిగిలియుండెనో వెదకిరి. క్రిందినుండి కోయువాని చేతికి ఎన్నటికిని అందని తావులలో నది కనబడెను: కటిలోపలి పొరయందును, ప్రేగును వెన్నునకు బంధించు పొరయందును, ఎడమవైపు పెద్ద రక్తనాళము చీలుచోటనున్న గ్రంథులయందును. రోగము క్రిందికిని, ప్రక్కలకును, పైకిని మూడు దెసల ప్రాకుననియు, పైకి ప్రాకునదియే మిక్కిలి ప్రమాదమనియు వారు నిశ్చయించిరి. ఏడేండ్లు తాము చేసిన చికిత్స చాలదని ఒప్పుకొనుటకు గుండె నిబ్బరము కావలెను గదా!

1908వ సంవత్సరము డిసెంబరు నెలలో లాన్సెట్ పత్రికయందు తమ నూతన విధానమును ప్రకటించిరి. మొదట కడుపు తెరచి, ప్రేగును దాని పొరతోను గ్రంథులతోను విడదీయవలెను. పైకొనను కడుపుగోడకు తెచ్చి మలము వెడలుటకు ద్వార మేర్పరుపవలెను. పిదప క్రిందినుండి మిగిలిన భాగమును మలద్వారముతో సహా తీసివేయవలెను. ఇట్లు చేసిన మొదటి 12 మందిలో 5గురు మరణించిరి. ఆ సంఖ్యను సైతము వారు దాచలేదు. పెన్సిలిను పుట్టని కాలమది. లాక్‌హార్టు మమ్మెరీ గారివంటి గట్టి వైద్యులు క్రిందినుండి కోయు పద్ధతినే మెరుగుపరచి, దానినే యవలంబించిరి. వారి వాదము నిరాధారమని మేమనజాలము. పండ్రెండుగురిలో ఐదుగురనగా అల్పము గాదు. అయినను మైల్సు గారి చికిత్సకు తాళి బ్రదికినవారిలో రోగము తిరుగబెట్టుట క్రమముగా తగ్గి, 1923 నాటికి నూటికి సుమారు 30 మందికి దిగెను.

ఇందుకు రోగి చెల్లించిన మూల్యము సామాన్యమైనది గాదు. జీవితాంతము కడుపుమీది ద్వారమునుండియే మలవిసర్జనము. శౌచాచారములు గట్టిగా పాటించు మనవంటి యిండ్లలో అది యెంతటి మనఃక్లేశమో చదువరులే యూహింపగలరు. పొరుగువారికే గాక స్వంత కోడండ్రకును ముఖము చూపనొల్లని వృద్ధులుందురు.

మైల్సు గారి సిద్ధాంత మంతయు నిలువలేదు. సెయింట్ మార్క్స్ వైద్యశాలలో డ్యూక్స్ గారు, కోసి తీసిన ప్రేగులను సూక్ష్మముగా పరీక్షించి, రోగము క్రిందికి ప్రాకుట అరుదని కనుగొనిరి. అందుచేత పుండు కొంత ఎత్తున నున్నచో మలద్వారమును నిలుపుకొని, ప్రేగును మరల అతుకవచ్చునని తేలెను. 1940ల తరువాత ఆ పద్ధతి వ్యాపించెను. పురీషనాళము చుట్టునున్న క్రొవ్వుపొరను చెదరనీయక సాంతముగా తీసినచో రోగము తిరుగబెట్టుట తగ్గునని 1982లో హీల్డ్ గారు చూపిరి. పొరతోను గ్రంథులతోను గూడ తీయవలెనను మైల్సు గారి మూలభావము మాత్రము చెక్కుచెదరలేదు.

వారు 1947వ సంవత్సరమున పరమపదించిరి. మలద్వారమునకు మిక్కిలి చేరువగా పుండు పుట్టినవారికి నేటికిని ఆ శస్త్రచికిత్సను చేయుచునే యున్నారు. శస్త్రవైద్యులు దానిని మైల్సు ఆపరేషన్ అనియే వ్యవహరించుచున్నారు.