పెద్దబాపు గోలీల ఎనుక హగ్గిన్స్ ముచ్చట

మా పెద్దబాపు రెండేండ్లు నడుం నొప్పేనని మందు రాసుకుంట ఎళ్లదీసిండు. రాత్రి నాలుగైదు సార్లు ఒంటేలుకు లేచేటోడు. ఎవలకూ చెప్పలే, సిగ్గు. ఆఖరికి పరీక్షలు చేపిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్, బొక్కలదాక పాకిందన్నరు. వృషణాలు తీసేయాలె, లేకుంటే మూడు నెలలకో సూది ఏసుకోవాలె అన్నడు డాక్టరు. సూదికి పైసలు ఎక్కువ. ఆపరేషన్ మాట ఇనంగనే, కోడెను ఎద్దును చేసినట్టు చేస్తరా అని పెద్దబాపు లేచి బయటికొచ్చిండు. రోగం ఒక కాడ ఉంటే కోసుడు ఇంకో కాడ ఏంది అని నాకూ అనుమానమే. ఆ అనుమానంతోని చదువుకుంట పోతే చార్లెస్ హగ్గిన్స్ దొరికిండు.

1901ల కెనడా దేశం హాలిఫాక్స్‌ల పుట్టిండు. హార్వర్డ్‌ల డాక్టరు చదివి 1927ల చికాగో యూనివర్సిటీల చేరిండు. మూత్ర రోగాల విభాగం చూడుమన్నరు. ఆ పని ఆయనకు రాదు. పుస్తకాలు ముందటేసుకొని నేర్చుకున్నడు. నాకు ఈ సంగతే మస్తు నచ్చింది.

ప్రోస్టేట్ అంటే మూత్రసంచి కింద ఉసిరికాయంత గ్రంథి. మొగోళ్లకే ఉంటది. దాని నుంచి ఊరే నీళ్లు ఎట్ల వస్తున్నయో చూద్దామని హగ్గిన్స్ కుక్కల మీద పరిశోధన పెట్టిండు. వృషణాలు తీస్తే నీళ్లు ఎండుతున్నయి, టెస్టోస్టిరోన్ అనే మొగ హార్మోన్ ఎక్కిస్తే మల్ల ఊరుతున్నయి. కొన్ని ముసలి కుక్కలకు ప్రోస్టేట్ల గడ్డలుండె. లెక్క చెడగొడుతున్నయని మొదట ఇసుక్కున్నడు. కానీ హార్మోన్ బందైతే ఆ గడ్డలు సుత కుంచించుకపోయినయి. అడ్డమనుకున్నదే దారి సూపెట్టింది.

క్యాన్సర్ ఒకసారి మొదలైతే ఎవల మాటా ఇనదు, దానంతట అదే పెరుగుతదని అప్పటి డాక్టర్ల నమ్మకం. 1941ల హగ్గిన్స్, ఆయన శిష్యుడు క్లారెన్స్ హాడ్జెస్ ఆ నమ్మకాన్ని పడగొట్టిండ్రు. క్యాన్సర్ బొక్కలకు పాకినోళ్లకు వృషణాలు తీసిండ్రు, లేకుంటే ఆడ హార్మోన్ ఇచ్చిండ్రు. నెత్తుర్ల ఫాస్ఫటేజ్ అనే పదార్థాన్ని కొలిచి రోగం తగ్గుతున్నదో పెరుగుతున్నదో చూసిండ్రు. చానామందికి నొప్పులు తగ్గినయి. రుజువు కోసం కొందరు రోగులకు టెస్టోస్టిరోన్ సూది సుత ఇచ్చిండ్రు. ఫాస్ఫటేజ్ మల్ల ఎక్కింది. రోగం పెంచేదాన్నే రోగికిచ్చుడు చదివినప్పుడు నాకు మనసొప్పలే.

కానీ ఆ హార్మోన్ కణంల ఏం చేస్తదో అప్పుడు తెల్వదు. 1951ల హగ్గిన్స్ అధిపతిగ మొదలైన బెన్ మే ల్యాబులనే, 1960ల చివర్ల షుట్సుంగ్ లియావో ఆ గుట్టు దొరకబట్టినోళ్లల్ల ఒకడు. మన ఒంట్ల దాదాపు అన్ని కణాలల్ల జన్యువులు అవ్వే. ఏ కణంల ఏవి పని చేస్తున్నయన్నదే తేడా. పొలంకాడ మోటర్లు ఎన్నున్నా స్టార్టర్ నొక్కిందే నడుస్తది గదా, గట్ల. టెస్టోస్టిరోన్ కణంల రిసెప్టర్‌ను పట్టుకుంటది, ఆ రెండు కలిసి కేంద్రకంలకు పోయి కొన్ని జన్యువుల స్టార్టర్ నొక్కుతయి. మనం రక్తపరీక్షల చూసే పీఎస్ఏ గట్ల నడిచే జన్యువు చేసేదే. 2005ల ఇంకోటి బయటపడ్డది. చానా ప్రోస్టేట్ క్యాన్సర్లల్ల, టెస్టోస్టిరోన్‌కు నడిచే ఒక జన్యువు స్టార్టర్ తెగి, ఈఆర్‌జీ అనే వేరే జన్యువుకు అతుక్కుంటున్నదట. నడవొద్దన్న మోటరు నడుస్తది. కోసుడు ఇంకో కాడ ఎందుకో నాకు అప్పుడు సమజైంది. స్టార్టర్ నొక్కే చెయ్యి ఆడ ఉన్నది.

అయితే రోగం ఊకోదు. కొన్నాళ్లకు రిసెప్టర్లను పెంచుకొని కొంచెం హార్మోన్‌తోనే నడుస్తది, ఆటో స్టార్టర్ పెట్టుకున్నట్టు. మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు సుత కొంత మొగ హార్మోన్ చేస్తయని హగ్గిన్స్ అవ్వి తీసి చూసిండు. మొదట రోగులు బతకలే. కార్టిసోన్ మందు వచ్చినంక 1951ల మల్ల చేసిండు. నోబెల్ మాత్రం 1966ల గాని రాలే, పేటన్ రౌస్‌తోని కలిపి. 1997ల, 95 ఏండ్లకు చికాగోలనే పోయిండు.

ఇదంత పెద్దబాపుకు చెప్పిన. మొత్తం ఇన్నడు గని నాకు ఏం జవాబియ్యలే. వారం రోజులకు మా పెద్దమ్మతోని దవాఖానకు పోదామన్నడట. ఆపరేషన్ అయినంక నెలలోపట నొప్పి తగ్గి అరుగు మీద కూసునుడు మొదలువెట్టిండు. ఏడాదిన్నరకు పీఎస్ఏ మల్ల ఎక్కింది. ఇప్పుడు పొద్దుగాల పరగడుపున నాలుగు గోలీలు, తిన్నంక ఒక చిన్న స్టెరాయిడ్ గోలీ. హగ్గిన్స్ గ్రంథులు కోసి ఆపజూసిన హార్మోన్‌ను ఇయ్యాల ఆ నాలుగు గోలీలు ఆపుతున్నయి. పోయిన నెల పీఎస్ఏ కొంచెం దిగింది.